మెడ అవ్వది, ఛాతీ చిన్నాయనది

మొన్న మా చిన్నాయన ఛాతీకి టేపు చుట్టారు. ఎనభై దాటిన మనిషికి కొత్త చొక్కాలు కుట్టించే ఉద్దేశం మాకెవరికీ లేదు. ఊపిరితిత్తులు మొరాయించి ఆసుపత్రిలో కొన్నాళ్ళు పడుండి వచ్చాడు గనుక, ఇంటికొచ్చి ఊపిరి కసరత్తులు చేయించడానికి హారిక అనే ఫిజియోథెరపిస్టు అమ్మాయిని మాట్లాడాను. యానాం పిల్ల. నోరు తెరిస్తే గోదావరి, ప్రతి మాటకూ చివర ఒక 'అండి'. మనిషి మామూలుగా ఉన్నప్పుడు ఛాతీ కొలత ఒకటి, నిండా గాలి పీల్చాక కొలత ఇంకొకటి తీసుకుంటుందట. రెండింటికీ తేడా ఎంత ఉంటే పక్కటెముకలు అంత బాగా తెరుచుకుంటున్నట్టు లెక్క. ఇదంతా నాకు చెబుతూ ఆ అమ్మాయి సంచిలోంచి టేపు తీసిందో లేదో, అంతవరకూ మంచం అంచున తడిసిన కోడిలా ముడుచుకుని కూర్చున్న చిన్నాయన ఒక్కసారిగా రొమ్ము విరిచాడు.

"తాతగారూ, బిగబట్టకండి. మామూలుగా కూర్చోండి," అంది హారిక.

"ఇదేమ్మా మామూలు," అన్నాడు చిన్నాయన, గాలి వదలకుండా, గొంతు కీచుమంటూ.

నాకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయి నన్ను కఠినాత్మురాలిని చూసినట్టు చూసింది. పాపం దానికేం తెలుసు? సరిగ్గా ఇదే ముక్క మా చిన్నాయన తన పడుచువయసులో పోలీసు సెలెక్షన్లో అన్నాడు. ఆ ఒక్క ముక్క పుణ్యమా అని చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. అప్పటి నుంచీ మా ఇంట్లో జరిగిన మెడకూ ఛాతీకీ మధ్య యుద్ధం గురించి ఎవరో ఒకరు రాసి పెట్టాలి గదా. తమిళ ఊళ్ళో బతికే మా వాళ్ళలో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, రాయడం వచ్చిన వాళ్ళూ లేరు. నాకు మాత్రం నలభై దాటాక, యానాం నుంచి బదిలీ మీద నేను పాఠాలు చెప్పే బడికొచ్చిన ఒక టీచరమ్మ ఓనమాలు దిద్దించింది. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆ పాపం ఆవిడది.

మాది పుదుచ్చేరిలో ఉప్పళం. చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ తగిలే వీధి. మా ఇంట్లో పనికొచ్చే మెడ ఒకటుండేది, పనికిరాని ఛాతీ ఒకటుండేది. మెడ మా అవ్వది, అంటే మా నాన్న తల్లిది. అవ్వ చేపలమ్మేది. పొద్దున్నే తేంగాయితిట్టుకు పోయి, పడవల దగ్గర వేలంపాటలో మత్తి, నెత్తిలి, చిక్కితే శంకరా మీనూ పాడుకుని, వెదురుగంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ఇప్పుడున్నంత హార్బరు అప్పుడు లేదు, ఆటోలూ లేవు. తలకూ గంపకూ మధ్య పాత చీరపేలిక చుట్ట ఉండేది. దాన్ని మేం సుమ్మాడు అంటాం. ఆ పేలికను తడిపి, పిండి, చుట్ట చుట్టి అవ్వ చేతికివ్వడం నా పని. దానికొక వాసన ఉండేది. చేపలు, చెమట, అవ్వ తలకు రాసుకునే నూనె, అన్నీ కలిసి మాగిన వాసన. ఇవాళ్టి సెంటు ఏదీ దాని ముందు నిలబడదు. నిలబడకపోతేనే మంచిది, లోకం బతికిపోతుంది.

గంప దించి గడప మీద కూర్చున్నప్పుడు అవ్వ మెడను చూడటం నాకు సరదా. చెవుల వెనక నుంచి గొంతు కిందికి రెండు తాళ్ళు బిగించి కట్టినట్టుండేవి. కాలరు ఎముకల పైన చెరో వైపు గుంట. తలకు నీళ్ళు పోసుకునే రోజున ఆ గుంటల్లో నీళ్ళు నిలిచేవి. నేను వేలు ముంచి చిందిస్తే, "ఏందే, బాయి అనుకున్నావా?" అని ఒక్కటి వేసేది. గంప నెత్తిన ఉంటే మాత్రం అవ్వ ఎవర్నీ కొట్టేది కాదు, అరిచేది కూడా కాదు. ఆ మెడ నిటారుగా, భుజాలు కిందికి జారి, వీధిలో నడిచి వస్తుంటే గవర్నరు పెళ్ళామైనా పక్కకు తప్పుకోవాల్సిందే. సగం మర్యాదకు, సగం కారుతున్న చేపనీళ్ళకు భయపడి.

ఛాతీ మా చిన్నాయనది. పేరు కె. మునిరత్నం, అవ్వకు కడగొట్టు కొడుకు. మా నాన్న మిల్లులో షిఫ్టులు చేసి ఇంటికొచ్చి సగం నిద్రలో అన్నం తినే మనిషి గనుక, ఇంట్లో మగతనం బాధ్యతంతా చిన్నాయనే నెత్తిన, కాదు, రొమ్మున వేసుకున్నాడు. వెనక వీధిలో రేకుల కప్పు కింద ఒక కసరత్తు కొట్టం ఉండేది. అక్కడి వాద్యారు, అంటే గురువు, శిష్యులకు నేర్పిన మొదటి పాఠం దండీలు తియ్యడం. రెండోది, వీధిలో ఏనాడూ ఛాతీ దించకపోవడం. మా చిన్నాయన మొదటిది ఇష్టంగా చేశాడు, రెండోది నిష్ఠగా చేశాడు. నానబెట్టిన శనగలు తింటూ కూడా రొమ్ము దించేవాడు కాదు. ఇంట్లో ఉన్నది ఒకటే కన్నాడి. ఆ అద్దాన్ని సరిగ్గా తన ఛాతీ ఎత్తున గోడకు కొట్టాడు. అందులో ఆయన తలకాయ కూడా కనబడేది కాదు, ఆయనకు దాంతో పని లేదు మరి. మా నాన్న మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు. మా అమ్మ వంగి బొట్టు పెట్టుకునేది. ఇంటికొచ్చిన చుట్టాలు అద్దానికి మొక్కుతున్నారేమో అనుకునేవారు.

"అమ్మా, చూసినావా? తలుపంత ఉండాది," అనేవాడు, నూనె రాసిన రొమ్ము మీద చరుచుకుంటూ.

"ఉంటే ఏందిరా? తలుపైతే మూసుకుంటాది, నువ్వు మూసుకోవు," అనేది అవ్వ.

బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని గనుక ఇక్కడ ఒక పీరియడు తీసుకుంటాను, ఓపిక పట్టండి. చెవి వెనక చేత్తో తడిమితే గట్టిగా ఒక ఎముక బుడిపె తగులుతుంది. అక్కడ మొదలై వాలుగా దిగి, ఒక కాలు రొమ్ము ఎముక మీదా ఒక కాలు కాలరు ఎముక మీదా పెట్టి నిలబడే కండరం పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. పేరులోనే ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నీ ఉన్నాయి. దాని వెనకాల స్కేలీన్ కండరాలు మెడ ఎముకల నుంచి దిగి పై పక్కటెముకల్ని పట్టుకుని ఉంటాయి. వీపు వైపున ట్రెపీజియస్. చూడబోతే ఏ ఒక్కటీ కన్నాడికెక్కే సరుకు కాదు. కానీ మనిషి మేలుకుని కూర్చున్నంతసేపూ ఓ మోస్తరు గుమ్మడికాయంత తలకాయను నిలబెట్టేది, తిప్పేది, వంచేది ఇవే. ఇక ఛాతీ మీద విసనకర్రలా పరుచుకున్నది పెక్టొరాలిస్ మేజర్. ఇంత ఠీవిగా కనిపించే ఈ మేజరుగారి అసలు ఉద్యోగం ఏమిటయ్యా అంటే, చేతిని ముందుకు లాగడం. కావలించుకోవడానికి, తొయ్యడానికి, చెంప పగలగొట్టడానికి. కాపురం ఛాతీ మీద, చాకిరీ చేతికి. మామూలు ఊపిరితో దీనికి సంబంధమే లేదు. ఆ పని పక్కటెముకల మధ్య దాగిన సన్నకండరాలూ, పొట్టకు పైన గొడుగులా ఉండే డయాఫ్రమూ చూసుకుంటాయి. అంటే ఛాతీ కండ ఎంత పెంచినా గుక్కెడు గాలి అదనంగా రాదు. ఈ సంగతి నేను కాలేజీలో చదువుకున్న రోజున ముందు గుర్తొచ్చింది మా చిన్నాయనే. తరగతిలో నవ్వినందుకు బయటికి పంపారు.

చిన్నాయన జీవితాశయం పోలీసు ఉద్యోగం. మా పుదుచ్చేరి పోలీసుల నెత్తిన ఎర్రటోపీ ఉంటుంది కదా, దాని మీద అవ్వకూ ఆశ. "వాడు ఆ ఎర్రటోపీ పెట్టిన దినం నేను ఈ గంప దించేస్తా," అని వీధి వీధంతా చాటింది. అప్పటికే అవ్వకు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేసేవి. మెడ మోస్తున్నా కాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆ గంప దిగాలంటే ఆ టోపీ ఎక్కాలి. ఇంట్లో పిల్లలకు కూడా ఈ లెక్క తెలుసు.

సెలెక్షన్ రోజు పరుగులో నెగ్గాడు, దూకడంలో నెగ్గాడు. ఛాతీ కొలత దగ్గరికి వచ్చేసరికి, ఇక పని అయిపోయినట్టే అన్నట్టు చొక్కా విప్పి వరుసలో అందరికంటే ముందు నిలబడ్డాడట. కొలిచే ఆయన టేపు చుట్టి, మామూలుగా నిలబడమన్నాడు. "ఇదే మామూలు సార్," అన్నాడు మనవాడు. అబద్ధం కాదు, నిజంగా ఆయనకదే మామూలు. ఆ అంకె చూసి చుట్టూ ఉన్న కుర్రాళ్ళు 'అబ్బో' అన్నారట. ఆ తర్వాత గాలి పీల్చమన్నాడు. యాడ పీల్చేది? ఉన్న చోటంతా ఎప్పుడో నిండిపోయింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు పైకొచ్చాయి, టేపు మాత్రం గోరంత కూడా కదల్లేదు. ఛాతీ ఉబ్బాల్సినంత ఉబ్బలేదని పక్కకు నిలబెట్టారు. వెనక నిలబడ్డ ఎముకలగూడు లాంటి కుర్రాడు మాత్రం హుష్షని పీల్చి హాయిగా పాసైపోయాడు.

ఇంటికొచ్చి టేపును తిట్టాడు. కొలిచినవాణ్ణి తిట్టాడు. అద్దం ముందు నిలబడి రొమ్ము చూసుకున్నాడు, అప్పుడు మాత్రం ఏడ్చాడు. ఏడుస్తూ కూడా దించలేదు. వయసు దాటిపోతోంది, మళ్ళీ ఒక్కసారి వెళ్ళే అవకాశమే ఉంది. ఆ మాట అన్నం ముందు కూర్చుని మా నాన్న చెప్పాడు. అవ్వ చేతులు కడుక్కొచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది.

"డేయ్, దించరా," అంది.

"ఏంది దించేది?"

"రొమ్ము. గాలి వదిలి దించు, చూస్తాం."

దించబోయాడు. భుజాలు వంగాయి, పొట్ట లోపలికి పోయింది, మెడ తాబేలు మెడలా ముందుకొచ్చింది, రొమ్ము మాత్రం అక్కడే ఉంది. దాని కీలు తుప్పు పట్టేసింది. మేమంతా పగలబడి నవ్వాం. అవ్వ నవ్వలేదు.

"నీకు మూచ్చు పీల్చేది తెలుసు, వదిలేది తెలీదు. నిండిన కుండలో నీళ్ళు పొయ్యమంటే యాడ పొయ్యాలరా? పొద్దున నాతోబాటు రా. వస్తేనే అన్నం."

మర్నాడు పొద్దున తేంగాయితిట్టులో ఆ గంప ఎక్కింది మా చిన్నాయన నెత్తిన. ఊరంతా నవ్విందంటే నవ్వదా మరి. "ఏందన్నా, తలుపు తీసి తలకాయ పెట్టినారా? మత్తి ఎట్లిస్తావు?" అని కసరత్తు కొట్టం కుర్రాళ్ళు వెంటపడ్డారు. వాళ్ళను చూడగానే పాత అలవాటున రొమ్ము ముందుకు పొంగింది. రొమ్ము పొంగితే నడుము వెనక్కి వాలుతుంది. నడుము వాలితే గంప వాలుతుంది. గంప వాలితే అందులో ఉన్న చేపనీళ్ళు వీపంతా కారుతాయి. ఇంతకంటే మంచి టీచరును నేను నా సర్వీసులో చూడలేదు. మొదటిరోజు ఇంటికొచ్చేసరికి తలుపు కాస్తా చేపలదొడ్డిలా కంపు కొట్టింది. మా అమ్మ ఆయన్ను వీధిలోనే నిలబెట్టి నీళ్ళు గుమ్మరించింది.

అవ్వ ముక్కు మూసుకోలేదు, ఓదార్చలేదు. రోజూ గడపలో నిలబడి వెనక్కి తిప్పి చొక్కా చూసేది. ఒకటే ప్రశ్న అడిగేది.

"తొణికిందా?"

తొణికింది, తొణికింది, తొణికిందని చాలా రోజులు తలవంచుకు చెప్పాడు. మధ్యలో అలిగి ఒకనాడు గంపను దారిలో దించేసి వచ్చేశాడు. అవ్వ తిరిగి వెళ్ళి దాన్ని తన నెత్తినే పెట్టుకుని వచ్చింది. గడప ఎక్కలేక మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆ రోజు చిన్నాయన అన్నం తినలేదు. మరుసటి రోజు ఎవరూ లేపకుండానే లేచి, సుమ్మాడు తనే తడుపుకున్నాడు. నా ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత మెల్లగా మనిషి మారడం నేను చూశాను. భుజాలు దిగాయి. మెడ పొడవైంది. అంతకుముందు మెడ ఉందన్న సంగతే తెలిసేది కాదు, తల నేరుగా భుజాల మీద కూర్చున్నట్టుండేది. ఊపిరి పొట్టలోకి దిగి, తీరిగ్గా బయటికొచ్చి, మళ్ళీ తీరిగ్గా లోపలికి పోయేది. ఒకరోజు అవ్వ అలవాటుగా వెనక్కి తిప్పి చూస్తే చొక్కా పొడిగా ఉంది. చేత్తో తడిమింది. నమ్మకం కుదరక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "లేదమ్మా, తొణకలేదు," అన్నాడు ఆయన. అవ్వ ఒక్క మాటన్నా మెచ్చుకోకుండా లోపలికి పోయి, ఆయన కంచంలో పెద్ద చేపతల వేసింది. మా ఇంట్లో చేపతల ఎప్పుడూ నాన్నకే.

రెండోసారి సెలెక్షన్లో మామూలుగా నిలబడమంటే నిజంగానే మామూలుగా నిలబడ్డాడు. ఈసారి ఎవరూ 'అబ్బో' అనలేదట. పీల్చమన్నప్పుడు మాత్రం టేపు పట్టుకున్న వేళ్ళు జరిగి జరిగి వెళ్ళాయట. టోపీతో ఇంటికొచ్చిన రోజు, ఎవరికీ చూపించకుండా దాన్ని నేరుగా తెచ్చి అవ్వ నెత్తిన పెట్టాడు. వీధంతా గుమ్మంలో ఉంది. అవ్వ మెడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో బరువే లేదే! దీనికారా ఇంత కత?" అంది.

అన్న మాట ప్రకారం గంప దించేసింది. దించాక పదిరోజులు కూడా కుదురుగా లేదు. "బరువు లేక మెడ నొస్తా ఉండాది," అని సాయంత్రం పూట ఉత్త సుమ్మాడు నెత్తిన పెట్టుకుని గడప మీద కూర్చునేది. పోయే ముందు వరకూ ఆ మెడ వంగలేదు.

ఇప్పుడు ఉప్పళంలో ఏ సందు చూసినా జిమ్ము. అద్దాలు నిలువెత్తువి గనుక ఎవరూ మోకాళ్ళ మీద కూర్చోనక్కర్లేదు. లోపల కుర్రాళ్ళు ఛాతీలు పెంచుతారు. బయటికొచ్చి బండి మీద కూర్చుని, కొక్కెంలా మెడలు వంచి ఫోన్లు చూస్తారు. పైన మెడ వేలాడుతుంటే కింద ఛాతీ ఎవరికి చూపించడానికో నాకర్థం కాదు. అననూకూడదు, ఫోను చూసీ చూసీ నాకూ మెడపట్టీ వచ్చింది. మా వంశంలో మెడకు పట్టీ కట్టించుకున్న మొదటిదాన్ని నేనే. అవ్వ చూస్తే ముఖాన ఉమ్మేసేది.

ఇదంతా హారికకు చెబుతుంటే ఆ అమ్మాయి టేపు ఒళ్ళో పెట్టుకుని విన్నది. చిన్నాయన మాత్రం మోకాళ్ళ మీద చేతులూని ముందుకు వంగి ఆయాసపడుతున్నాడు. బనీను వదులుగా వేలాడుతోంది. అప్పుడు చూశాను ఆయన మెడను. ఒక్కో ఊపిరికీ చెవుల కింద నుంచి రెండు తాళ్ళు పైకి లేస్తున్నాయి. కాలరు ఎముకల పైన గుంటలు లోపలికి పోతున్నాయి. అచ్చం అవ్వ గుంటలే. నీళ్ళు పోస్తే నిలుస్తాయి.

"చూశారాండీ," అంది హారిక నాతో, గొంతు తగ్గించి. "ఊపిరికి మామూలు కండరాలు చాలనప్పుడు మెడ కండరాలే ఎముకల్ని పైకెత్తుతాయండి. చేతులు అలా ఊనుకుంటే ఛాతీ కండరం కూడా సాయం పడుతుంది. రెండూ కలిసి మోస్తున్నాయి పాపం."

నాకు తెలుసు. పిల్లలకు ఏళ్ళతరబడి నేనే చెప్పాను. పుస్తకంలో బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టినప్పుడు ఇంత బాధగా లేదు. ఇన్నేళ్ళు పోట్లాడుకున్న మెడా ఛాతీ ఆఖరికి ఒకే గంప కింద దూరాయి. నాకు ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుని జలుబన్నాను.

"మళ్ళీ చూద్దామండి తాతగారూ. ముందు గాలంతా వదిలెయ్యాలి. వదలకపోతే కొత్త గాలికి చోటుండదండి," అంది హారిక, టేపు చేతిలోకి తీసుకుంటూ. టేపు కనబడగానే ఆ మనిషికి మళ్ళీ రొమ్ము లేచింది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. అట్లా బిగబట్టి కూర్చుంటే లోపల మిగిలిన ఆ కాస్త ఊపిరీ ఎందుకూ పనికిరాదు.

లేచి వెళ్ళి మేకుకు తగిలించిన పాత ఎర్రటోపీ తెచ్చాను. దుమ్ము దులిపి, నెమ్మదిగా ఆయన నెత్తిన పెట్టాను.

"బరువుగా ఉండాదే పాపా," అన్నాడు చిన్నాయన.

"గంప చిన్నాయనా. నిండా నీళ్ళుండాయి. రొమ్ము దించు, ముందు దించు."

కళ్ళు మూసుకున్నాడు. మెడ నిటారైంది. భుజాలు జారాయి. ఆ తర్వాత, ఎన్నాళ్ళ నుంచో లోపల దాచుకున్నట్టు, పొడుగ్గా ఒక ఊపిరి బయటికొచ్చింది. హారిక చేతిలో టేపు వదులైంది. ఆ అమ్మాయి దాన్ని సర్దుకుని, "ఇప్పుడు పీల్చండి," అంది. మెడలో తాళ్ళు లేచాయి, గుంటలు లోపలికి పోయాయి, టేపు మీద వేళ్ళు కొద్దిగా, కొద్దిగానే, జరిగాయి.

ఎంత జరిగిందని ఆయన అడగలేదు. పాసా ఫెయిలా అనీ అడగలేదు. కళ్ళు తెరవకుండానే నా వైపు వీపు తిప్పాడు.

"తొణికిందా పాపా?"

బనీను మీద చెయ్యి పెట్టి తడిమాను. ఎముకలు తగిలాయి.

"లేదు చిన్నాయనా. ఒక్క చుక్క కూడా తొణకలేదు."